మా ఇంటి బండి దొంగ

మా పికప్ బండి పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు మీద సంతకం చేసింది నేను. దాన్ని ఎత్తుకెళ్ళిందీ నేనే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఆరేళ్ళపాటు ఎవరి దగ్గరా అనలేదు. మావారి దగ్గరైతే ఇప్పటికీ అనలేదు. మోయడం అలవాటైతే బరువు తెలియదంటారు. అబద్ధం. తెలుస్తూనే ఉంటుంది, నిద్ర పట్టని రాత్రుళ్ళు మరీనూ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడమనడం లేదు. క్షమించమని అంతకన్నా అనడం లేదు. ఇందులో సగం వరకు నేను చేసింది సబబేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎవరొచ్చి కాదన్నా పోట్లాడతాను. మిగతా సగం ఉంది చూశారూ, దాని దగ్గరికి వచ్చేసరికే నాకు నోరు పెగలదు.

మాది తణుకు దగ్గర. ఘాజియాబాద్‌కి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నేనిక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు గ్రేటర్ నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవారు. మిషను చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెప్పేసే చెవి ఆయనది. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత పికప్ ఒకటి కొన్నాం. ఇంట్లో జీతం నాదొక్కదానిదే గనక కాగితాలు నా పేరునే రాయించాం. ఆ బండిలో సోనా మసూరి బియ్యం, ఎండుమిరపకాయలు, పచ్చళ్ళు, దొరికిన రోజున గోంగూర వేసుకుని నోయిడా అంతటా తెలుగువాళ్ళ ఇళ్ళకూ, చదువుకునే పిల్లల హాస్టళ్ళకూ చేరవేసేవారు. “బియ్యం అంకుల్ వచ్చారు” అని పైఅంతస్తు నుంచి ఎవరైనా కేకేస్తే ఆయన మొహం చూడాలి. ఫ్యాక్టరీ పోయినప్పుడు వంగిన నడుము ఆ పిలుపుతోనే లేచింది.

నాకు బండి నడపడం నేర్పిందీ ఆయనే. ఆదివారాలు, ఇంకా ఇళ్ళు లేవని సెక్టార్లలో, ఖాళీ రోడ్ల మీద. “క్లచ్చి మీద కాలు అంత బెదురుతూ పెడతావేంటి, అదేం కరవదు” అని నవ్వేవారు. ఆ నేర్పిన విద్యతోనే ఆయన బండి ఎత్తుకెళ్ళాను.

ఆ ఏడు హోళీ దాటాక ఒక శనివారం, ఆయన పక్కన కూర్చుని గ్రేటర్ నోయిడా వెళ్తున్నాను. ఒక ఇంజనీరింగు కాలేజీ ముందు బస్టాపులో పాతికమంది దాకా విద్యార్థులు నిలబడి ఉన్నారు. బండి మెల్లగా వాళ్ళవైపు జరగడం మొదలుపెట్టింది. ఏమండీ అన్నాను. పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, మనిషి మాత్రం అక్కడ లేరు. నేను ఒరిగి స్టీరింగు లాగాను. బండి పక్క అద్దం ఒక అమ్మాయి భుజాన ఉన్న సంచికి తగిలింది. సంచికే. ఆ అమ్మాయి తిట్టింది కూడా. ఆ తిట్టు నాకు ఎంత తియ్యగా వినిపించిందో! తిట్టిందంటే బతికున్నట్టే గదా.

కాసేపటికి ఆయన ఈ లోకంలోకి వచ్చి “ఎందుకలా లాగుతున్నావ్?” అన్నారు. జరిగింది చెబితే నమ్మలేదు. కునుకు పట్టి ఉంటుందన్నారు.

డాక్టరుకి చూపించాం. కింద పడి కొట్టుకోవడమొక్కటే మూర్ఛ కాదనీ, ఇదీ అందులో ఒక రకమేననీ, మందులు మానకూడదనీ, తను చెప్పేదాకా బండి ముట్టుకోకూడదనీ ఆయన కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. మావారు బుద్ధిగా తలూపారు. వారం తిరక్కుండా మందులు మానేశారు. వేసుకుంటే మత్తుగా ఉంటోందట, బండి నడపలేకపోతున్నారట! తాళంచెవి దాచాను. మారుచెవి చేయించుకున్నారు. వాళ్ళన్నయ్యకి ఫోను చేసి మీరైనా చెప్పండన్నాను. ఆయన నవ్వి వదిలేశాడు. ఏడ్చాను. అన్నం మానేశాను. “నా చేతిలో మిగిలిన పని ఇదొక్కటేనే, ఇదీ లాక్కుంటావా?” అన్నారు. ఆ తర్వాత ఇంకోసారి మా అపార్టుమెంట్ల సొసైటీ గేటు స్తంభాన్ని రాసుకుంటూ పోయారు. అప్పుడూ స్తంభానిదే తప్పన్నారు.

మీరైతే ఏం చేసేవారు? అధికారులకు రాసేవారా? మొగుణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం పెట్టేవారా? చెప్పడం తేలిక. ఆ బస్టాపు నా కళ్ళముందు నుంచి పోలేదు. లెక్కల పాఠం చెబుతూ బోర్డు వైపు తిరిగితే అక్కడా ఆ పాతికమందే.

మే నెల, మిట్టమధ్యాహ్నం. వడగాలికి సొసైటీలో కుక్క కూడా బయట లేదు. ఆయన ఊరి నుంచి వచ్చిన స్నేహితుడికి భోజనం పెట్టించాలని మెట్రో ఎక్కి, మన తెలుగు భోజనం దొరికే అశోకా రోడ్డు వైపు వెళ్ళారు. మా బండి నిలిపే వెనక గేటు దగ్గర కెమెరాని కోతులు పీకేసి చాలా రోజులైంది. అక్కడ ఉండేది జగ్‌దీశ్ భయ్యా ఒక్కడే. యాభై ఏళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళుగా మా గేటు కాపలాదారు. మావారికి అతనంటే ఇష్టం. ఇద్దరూ కలిసి టీ తాగేవారు.

నేనే వెళ్ళి, పెరుగు ప్యాకెట్ తెచ్చిపెట్టమని అతన్ని అడిగాను. దగ్గరి పాల బూత్‌లో కాదు, రోడ్డవతలి సెక్టారులోంచి. అక్కడిదే బాగుంటుందన్నాను. “ఠీక్ హై దీదీ” అని తలకి తువ్వాలు చుట్టుకుని ఎండలో బయల్దేరాడు. అతను మలుపు తిరగ్గానే మొహానికి చున్నీ కట్టుకుని బండి ఎక్కాను. ఆ ఎండలో మొహం కప్పుకోని ఆడవాళ్ళెవరు గనక?

హిండన్ నది దాటాక, మూతపడిన షెడ్ల వెనక సందులో బండి ఆపాను. అద్దాలు దించి, తలుపు తాళం వెయ్యకుండా, చెవి మాత్రం పర్సులో వేసుకుని దిగాను. ఎవడో ఒకడు పట్టుకుపోతాడు, పీడా వదులుతుంది అనుకున్నాను. ఈ-రిక్షా, మెట్రో మారి ఇల్లు చేరేసరికి తలుపు గడియకి సంచి వేలాడుతోంది. లోపల పెరుగు. దాన్ని సింకులో పోసేశాను. ప్యాకెట్‌ని కత్తిరించి చెత్తలో కలిపేశాను. అప్పటిదాకా నేను దొంగననిపించలేదు. నా పేరున ఉన్న బండి, నేను తీసుకెళ్ళాను. ఆ ప్యాకెట్‌ని ముక్కలు చేస్తున్నప్పుడు అనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చి ఖాళీ జాగా చూసి నేలమీద కూలబడ్డారు. దాని గురించి ఎక్కువ రాయను.

మర్నాడు పొద్దున సొసైటీ ఆఫీసులో కూర్చోబెట్టారు. సెక్రెటరీ అంకుల్, మావారు, నేను, ఎదురుగా నిలబడి జగ్‌దీశ్ భయ్యా. అతను దాచకుండా చెప్పాడు, కాసేపు గేటు వదిలి వెళ్ళానని. ఎందుకు వెళ్ళావని సెక్రెటరీ అడిగాడు.

“దీదీ పెరుగు తెమ్మన్నారు సాబ్. ఆప్‌నే హీ తో భేజా థా న, దీదీ?” అని నావైపు తిరిగాడు.

“మీరు పంపారా మేడమ్?” అన్నాడు సెక్రెటరీ.

“నహీఁ,” అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. “మా ఇంట్లో పెరుగు కొనం. నేనే తోడుపెడతాను.”

అది నిజం. మా ఇంట్లో కొన్న పెరుగు ఎవరూ తినరు. అబద్ధానికి నిజం తొడుగు వేస్తే ఎంత గట్టిగా నిలబడుతుందో అప్పుడే తెలిసింది. ఆ తొడుగుని ఇంకా బిగించింది మావారు. పాపం, ఏమీ తెలియక, “అవును, మేం పెరుగు కొనం. కానీ జగ్‌దీశ్ అలాంటివాడు కాదండీ, అతన్నేమీ అనకండి” అన్నారు. బండి పోయిన మనిషి అతని పక్షాన మాట్లాడుతున్నాడు. బండి తీసిన మనిషి చేతులు కట్టుకుని కూర్చుంది.

అతను నన్ను తిట్టలేదు. కోపంగా కూడా చూడలేదు. తను సరిగ్గానే చేసిన లెక్కకి తప్పు పెట్టిన టీచర్ని పిల్లాడు చూసినట్టు చూశాడు. అంతే, తల దించుకున్నాడు. ఠాణాలో ఒక పూట కూర్చోబెట్టి పంపేశారని విన్నాను. అక్కడ ఏం జరిగిందో నేను అడగలేదు. అడగలేదంటే, తెలుసుకోవడం ఇష్టం లేక. గేటు వదిలి ఎక్కడో నిద్రపోయి కథలు చెబుతున్నాడని ఆ సాయంత్రమే యూనిఫాం తీసేసుకున్నారు.

అప్పుడైనా చెప్పొచ్చుగా అంటారు. నిజమే. చెబితే బండి ఎక్కడుందో చెప్పాలి. చెబితే అది తిరిగొస్తుంది, ఆయన మళ్ళీ ఎక్కుతారు. ఒక మనిషి ఉద్యోగాన్ని ఒకవైపు, ఆ బస్టాపుని మరోవైపు పెట్టి తూచానని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా తూచానా? లేక పరువు పోతుందని భయపడి, తర్వాత తక్కెడ తెచ్చి పక్కన పెట్టుకున్నానా? ఆరేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

ఇంతా చేస్తే మూడు వారాలకి పోలీసులకి బండి దొరికింది. ఆ షెడ్ల దగ్గరే. బ్యాటరీ లేదు, స్టెప్నీ లేదు, పైన కప్పే టార్పాలిన్ లేదు. తాళంచెవి పెట్టే చోటు పెకలించి వైర్లు పేగుల్లా బయటికి లాగారు. సీటు కోసేశారు. ముందద్దం పగిలింది. స్టార్టు చెయ్యలేక ఒలుచుకుని వదిలేసి పోయినట్టున్నారు. దాన్ని ఇంకో బండికి తాడు కట్టి లాక్కొచ్చారు. మావారు దాని బానెట్ మీద చెయ్యి వేసి నిమిరారు, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని నిమిరినట్టు.

నెలన్నర ఆయనే బాగుచేశారు. పాత సామాన్ల బజారులో వెతికి తలుపు పిడులు తెచ్చారు. ముందద్దానికి రబ్బరు పట్టీ తనే కూర్చోబెట్టారు. తెగిన వైర్లు ఒక్కొక్కటీ రంగు చూసి కలిపి టేపు చుట్టారు. సెలవులు గనక టార్చి పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని నేనే. ఆయన వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, ఏ వైరు ఎటు పోతుందో నాకు చెబుతూ ఉండేవారు. పెళ్ళైన కొత్తలో కూడా మేం అంతసేపు కలిసి కూర్చోలేదు. సంతోషంగా ఉన్నాను. సిగ్గులేకుండా సంతోషంగా ఉన్నాను.

బాగయ్యాక దొంగ భయం మొదలైంది. గేరుకి తాళం, స్టీరింగుకి అడ్డకడ్డీ, స్టెప్నీకి గొలుసు. అద్దాల మీద బండి నంబరు చెక్కించారు. బండి ఎక్కడుందో ఫోనులో చూపించే చిన్న పెట్టె కింద ఎక్కడో బిగించారు. అన్నిటికీ మించి, డ్రైవరు సీటు కింద ఒక రహస్యపు స్విచ్చి. అది నొక్కకపోతే ఇంజనుకి డీజిలు అందదు, ఎవడొచ్చినా బండి కదలదు. నా వేలు పట్టుకుని చీకట్లో దాని మీద పెట్టించి, “ఇది నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు” అన్నారు.

దొంగకే చూపిస్తున్నారు. నేను తలూపాను.

మళ్ళీ బియ్యం బస్తాలు ఎక్కడం మొదలయ్యాయి. మందులు లేవు. డాక్టరు మాట లేదు. మొదటివారంలోనే, టీ గ్లాసు పట్టుకుని కళ్ళు తెరిచి ఎటో వెళ్ళిపోయారు. గ్లాసు ఒరిగి టీ ఒళ్ళో పడ్డా తెలియలేదు. ఆ మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కిందికి దిగి, ఆ స్విచ్చి వెనక వైరు ఊడలాగాను. రోడ్డు మీద ఆగిపోతే ప్రమాదం. అసలు కదలకూడదు. అందుకని పూర్తిగా లాగాను.

ఆయన గంటసేపు వెతికి పట్టుకున్నారు. తను సరిగా బిగించలేదనుకున్నారు. నాలుగు రోజులాగి బ్యాటరీ దగ్గర ఒక బోల్టు వదులు చేశాను. తర్వాత మళ్ళీ వైరు. టార్చి పట్టుకుని నేర్చుకున్నదంతా వాడాను. అయిదోసారి ఆయన వెతకలేదు. బండి మెట్టు మీద కూర్చుని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

“బిగించింది బిగించినట్టు ఉండట్లేదు. అసలు బిగించానో లేదో కూడా గుర్తుండట్లేదు,” అన్నారు. “నువ్వన్నదే నిజమేమోనే. నాకేదో అవుతోంది.”

అప్పుడు నోరు తెరవాలి నేను. తెరిచాను. “పదండి, డాక్టరు దగ్గరికి వెళదాం” అన్నాను.

వెళ్ళాం. ఆ రోజు నుంచి మందులు మానలేదు. దసరాకి ముందే బండి అమ్మేయమని తనే అన్నారు. మరుసటి ఏడు ఒకసారి వంటగదిలో నిలువునా పడిపోయారు, తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. రక్తం తుడుస్తూ నేను ఏమనుకున్నానో తెలుసా? ఇది బండిలో జరగలేదు అనుకున్నాను. రోడ్డు మీద జరగలేదు. ఆ పాతికమందికీ నా పేరు తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ బండి విషయంలో నన్నెవరూ తప్పుపట్టలేరు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ ఎత్తుకెళతాను. ఈసారి ఇంకా దూరం తీసుకెళతాను.

కానీ ఆయన ఇప్పుడు కుళాయి కారినా ప్లంబరుని పిలవమంటారు. ఫ్యాను చప్పుడు చేస్తే చెవి అటు తిరుగుతుంది, ఏది అరిగిందో తెలుస్తుంది, చెయ్యి మాత్రం లేవదు. “నేను చేస్తే ఊడిపోతుందిలే” అంటారు. ఊడగొట్టింది ఆ చేతులు కాదండీ, నేను అని చెప్పాలని గొంతు దాకా వస్తుంది. చెబితే ఏమవుతుంది? ఆయనకి ఆయన చేతులు తిరిగొస్తాయి. ఆ వెంటనే బండి కొందామంటారు. నాకు ఆయన సంగతి తెలుసు. చెప్పను. ఇది పాపమైతే రోజూ చేస్తూనే ఉన్నాను.

చెప్పాల్సిన చోటు మరొకటి ఉంది. పోయిన నెల ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. మా గేటవతల టీ కొట్టువాడు జాడ చెప్పాడు. రైల్వే లైనుకి అవతల బస్తీలో జగ్‌దీశ్ భయ్యా, అతని భార్య ఒక బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తున్నారు. బండి పోయిన గేటు కాపలా అని తెలిసి ఆ తర్వాత ఏ సొసైటీ వాళ్ళూ పెట్టుకోలేదట. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి నమస్తే అన్నాడు. నిలబడే అంతా చెప్పాను, హిందీలో, తడబడుతూ. పెరుగు తెమ్మన్నది నేనేనని, బండి తీసింది నేనేనని. ఎందుకు తీశానో చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

“అది నాకొద్దు దీదీ. ఇందాకటి మాట, పెరుగు మాట, మా ఆవిడ ముందు ఇంకోసారి చెప్పండి.”

ఆవిడ బల్లకి అటువైపే ఉంది. బొగ్గుల పెట్టె చప్పుడులో సరిగా వినలేదు కాబోలు. చెప్పాను. ఒక్క వాక్యమే. భయ్యా గేటు వదిలి నిద్రపోలేదు, నేను పంపితేనే వెళ్ళాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. నావైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది, చాలాసేపు. “నువ్వు చెబుతూనే ఉన్నావు,” అంది.

అతను మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడతపెట్టాడు. నేను ఏదో అడగాలనుకున్నాను, ఏం కావాలి, ఏం చెయ్యమంటారు అని. అంతలో ఆవిడ, “సున్ లియా. అబ్ జాయియే,” అంది. కేకలు వేయలేదు. టీ ఇవ్వలేదు. విన్నాం, ఇక వెళ్ళండి. అంతే.

తిరుగు మెట్రోలో కిటికీ పక్కన చోటు దొరికింది. దిగాల్సిన స్టేషను దాటి, ఆఖరి స్టేషనులో ఎవరో ఆవిడ భుజం తట్టి లేపింది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానట. నోరు తెరుచుకుని, గురకపెట్టి మరీ.